కత్తెర అంటే ఆగాలి

పొయ్యి ఇంకా వీధి మలుపు కూడా తిరగలేదు గానీ, ఇంట్లో దానికి అప్పుడే మూడు చోట్లు ఖాయమైపోయాయి.

వసారాలో పెడితే వానకి తడవదని పెద్దకొడుకు. గేటు పక్కన పెడితే వచ్చేపోయేవాళ్ళ కళ్ళల్లో పడుతుందని తల్లి. మేడమీద పెడితే గాలి బాగా ఆడుతుందని చిన్నకొడుకు. అంత ఇనుముని మేడమీదికి ఎవరు మోస్తారని చిన్నకోడలు అడిగితే, మొగుడు చొక్కా చెయ్యి భుజందాకా మడిచి కండ చూపించాడు. ఈ తగువు నిన్న రాత్రి భోజనాల దగ్గర మొదలై, అందరూ పడుకున్నప్పుడు కాస్త ఊపిరి తీసుకుని, పొద్దున్నే కాఫీ గ్లాసులతో పాటు మళ్ళీ లేచింది. కాఫీలు అయిపోయాయి, గ్లాసులు కడిగి బోర్లించడమూ అయింది. తగువు మాత్రం తెమలలేదు.

నాలుగో చోటు ఒకటుంది. అది పెద్దకోడలి మనసులో ఉంది. పెరట్లో, చప్టా మీద. నిన్న రాత్రి ఆ మాట ఆమె పైకి అంది కూడా. "చప్టా మీద అయితే బాగుంటుందేమో" అని. కానీ నలుగురూ మాట్లాడుతుండగా ఆమె అన్న మాట సంతలో జారిన సూదిలాంటిది. గుచ్చుకుంటే తప్ప ఎవరికీ దొరకదు.

పెద్దకోడలు బట్టలు కుడుతుంది. ముందుగదిలో మిషను వేసుకుని ఏళ్ళ తరబడి ఆ వీధివాళ్ళ భుజాలూ నడుములూ కొలుస్తోంది. పొద్దస్తమానం కొలిచే మనిషి కాబట్టో ఏమో, మాటని కూడా కొలిచే వాడుతుంది, అదీ మెల్లగా. ఆమె గొంతు పైకి లేవగా ఇంట్లోవాళ్ళు విన్నది ఒక్క కత్తెర విషయంలోనే. మిషను పక్కన మేకుకి వేలాడే ఆ నల్లపిడి కత్తెర గుడ్డకి తప్ప దేనికీ తగలకూడదు. కాగితం కోస్తే పదును పోతుంది. ఇంట్లో అందరూ ఎప్పుడో ఒకప్పుడు ఆ తప్పు చేసినవాళ్ళే. మరిది దాంతో అట్టపెట్టె కోశాడు. ఆస్పత్రిలో నర్సుగా చేసే తోడికోడలు మందుబిళ్ళల రేకు కోసింది. అత్తగారు గులాబీ కొమ్మ కత్తిరించారు. భర్త అయితే, గడియారాలు బాగుచేసే మనిషి అయ్యుండి, సన్నటి పనిముట్టు విలువ తెలిసినవాడు అయ్యుండి, రాగి తీగ తెంచాడు. ప్రతిసారీ "నా కత్తెర" అని ముందుగదిలోంచి ఒక్క కేక వచ్చేది. ఎక్కడివాళ్ళు అక్కడ బిగుసుకుపోయేవాళ్ళు. కేక వేశాక ఆమెకే సిగ్గేసేది. ఆ తరువాత ఆర్నెల్లదాకా మళ్ళీ మెత్తని గొంతే.

ఇప్పుడు కూడా తగువు వాళ్ళకి వదిలేసి, ఆమె మెడలో టేపు వేసుకుని పెరట్లోకి వెళ్ళింది. పెరటివైపు వసారా కప్పు రేకులది. రేకుల కింద కొయ్య దూలాలు. మనిషి చెయ్యెత్తితే అందుతాయి. పొయ్యి గొట్టం దూలం దాకా కూడా రాకుండానే ఆగిపోతుందని ఆమె నిన్ననే కొలిచింది. ఇవాళ మళ్ళీ కొలిస్తే దూలం పైకి జరుగుతుందా? అయినా కొలిచింది. పొగంతా అక్కడే సుడి తిరిగి, పక్కనున్న అత్తగారి గది కిటికీలోకి పోతుంది. ఎప్పుడో ఒకసారి వెలిగిస్తే సర్దుకోవచ్చు. రోజూ వెలిగిస్తే దూలం ఎండి ఎండి ఒకనాడు అదే అంటుకుంటుంది.

చప్టా అలా కాదు. ఒకప్పుడు బట్టలు ఉతకడానికి మందపాటి రాళ్ళు పరిచి కట్టిన చోటు. గట్టిది, చదునుగా ఉంటుంది. పైన ఆకాశం తప్ప ఏమీ లేదు. గోడ ఒక పక్క రెండు బారల దూరం, ఇంకో పక్క అంతకంటే ఎక్కువ. మిగతా పెరడంతా మట్టి. వాన పడితే చెప్పు దిగిపోయే మట్టి. బరువైన పొయ్యికి ఈ ఇంట్లో చోటంటూ ఉంటే అదొక్కటే.

కాకపోతే చప్టా మీద భర్తగారి స్కూటరుంది. పక్కబండి తగిలించిన పాత స్కూటరు. పెళ్ళయిన కొత్తలో ఆ పక్కబండిలో కూర్చుని ఆమె సినిమాలకి వెళ్ళింది. ఆ తరువాత అది ఆగిపోయింది. ఊరందరి గడియారాలూ బాగుచేసే మనిషి దాన్ని రేపు బాగుచేస్తానని టార్పాలిన్ కప్పాడు. ఆ రేపు ఇంకా రాలేదు. జరపమని అడిగితే "చూద్దాం" అంటాడు. కాదు అనడం ఆయనకి చేతకాదు. చూద్దాం అంటాడు, అంతే.

ఈ పొయ్యి ఆదివారాలకని ఆమె ఇంట్లో చెప్పింది. అది నిజంలో పావువంతు.

మిగతా ముప్పావు ఇది. వీధి చివర బేకరీ పెద్దాయనకి ఆమె ఏప్రాన్లు కుట్టేది. ఇచ్చి రావడానికి వెళ్ళి, పిండి పిసకడం చూస్తూ నిలబడిపోయేది. చూసి చూసి ఒకరోజు చేతులు కడుక్కుని తనూ పిసికింది. గుడ్డ వేళ్ళకింద చెప్పినట్టు పడుంటుంది. పిండి అలా కాదు, తిరిగి నెడుతుంది. అది ఆమెకి నచ్చింది. అప్పట్నుంచి ఏప్రాను ఒక్కొక్కటే కుట్టి, ఒక్కొక్కటే ఇచ్చి రావడం మొదలుపెట్టింది. పెద్దాయన నవ్వుకునేవాడు. పోయిన నెల మోకాళ్ళు మొరాయించి ఆయన బేకరీ మూసేశాడు. వెనక ఆవరణలో ఆరుబయటే ఉండే ఇనప కట్టెల పొయ్యిని పాత ఇనుముకి వేసే బదులు నీ ఇంటికి పంపుతాను, తీసుకుంటావా అని అడిగాడు. ఆమె ఆలోచించకుండా తలూపింది.

బేకరీ మూతపడేసరికి మలుపులో టీ కొట్టావిడకి పొద్దున్నే రొట్టెలు లేకుండా పోయాయి. మొన్న జాకెట్టు కొలతలు ఇవ్వడానికి వచ్చినప్పుడు ఆవిడ అడిగేసింది. రోజూ ఇవ్వగలవా, లేదా? శనివారం దీపాలు పెట్టేలోగా ఒక మాట చెప్పు, లేకపోతే పక్క వీధి నుంచి తెప్పించుకుంటాను, నన్ను అనుకోవద్దు అంది.

ఇవాళ శనివారం.

ఇంట్లో ముందే చెప్పి ఉండొచ్చు. అత్తగారి నోట్లో నువ్వుగింజ నానదు. మరిదికి చెబితే ముందు బోర్డు మీద పేరేం రాయాలో తేల్చేవాడు. తోడికోడలు కాలిన గాయాల గురించి చెప్పేది. భర్త చూద్దాం అనేవాడు. ఆ ఇంట్లో ఏ మాటయినా నలుగురి నోళ్ళలో పడి నలిగి, చివరికి ఎవరు అన్నదో తెలియకుండా పోతుంది. ఈ ఒక్క మాటా అలా పోవడం ఆమెకి ఇష్టం లేదు. ముందు పొయ్యి చప్టా ఎక్కాలి. ఎక్కితే టీ కొట్టావిడకి ఔనంటుంది. వసారాలో కూర్చుందా, అది ఆదివారం పొయ్యే, తను మిషను ముందే.

టేపు చుట్టి మళ్ళీ మెడలో వేసుకుంటుండగా గేటు దగ్గర హారన్ మోగింది.

చిన్న లారీ. డ్రైవరు నడివయసు మనిషి, మీసాల్లో నవ్వు ఉన్నవాడు. గేటు లోంచి పెరటి అంచుదాకా వెనక్కి తెచ్చి, చక్రాల కింద రాళ్ళు పెట్టి, వెనక తలుపు దించాడు. పొయ్యిని చూడగానే అందరి నోళ్ళూ ఒక్క క్షణం మూతపడ్డాయి. నాలుగు పొట్టికాళ్ళ మీద నల్లగా, పొట్టగా, ఎవరో పిలవని పేరంటానికి వచ్చి కూర్చున్నట్టు కూర్చుని ఉంది. కింద కట్టెలు పెట్టే అర, పైన రొట్టెలు కాల్చే అర, రెండింటికీ బరువైన తలుపులు, వెనక నిలువెత్తు గొట్టం. పది కుట్టుమిషన్లు కట్టగట్టి తూచినా దాని ముందు తేలిపోతాయి.

దించేముందు తలుపులూ లోపలి ఇటుకలూ తీసేస్తే సగం తేలికవుతుందని డ్రైవరు అన్నాడు. మరిది వినలేదు. వ్యాయామశాలలో తను రోజూ ఎత్తేదానిముందు ఇదెంత అన్నాడు. అతను ఆ మాట హవాయి చెప్పులు వేసుకుని అన్నాడు. కాళ్ళకి ఆ ఆకులేమిటని తల్లి కోప్పడితే లోపలికి వెళ్ళి వెతికి, పెళ్ళినాటి నల్ల బూట్లు తొడుక్కొచ్చాడు. తోడికోడలు అప్పటికే కట్లుకట్టే డబ్బా తెచ్చి అరుగు మీద మూత తీసి మరీ పెట్టుకుంది. మొగుడి మీద ఆవిడకున్న నమ్మకం అది.

రెండు దుంగపలకలు లారీ నుంచి నేలకి ఏటవాలుగా వేశారు. పొయ్యికి మోకు కట్టి, ఆ మోకుని లారీ ముందువైపు ఇనప స్తంభానికి ఒక చుట్టు చుట్టి, కొస భర్త చేతికిచ్చాడు డ్రైవరు. కొంచెం కొంచెంగా వదలమన్నాడు. ఆయన మోకు పట్టుకున్నాడు గానీ, మొహం మాత్రం వాళ్ళమ్మ వైపే ఉంది. గేటు పక్కన ఎందుకు వద్దో ఆవిడకి ఆరోసారి చెబుతున్నాడు. డ్రైవరూ మరిదీ లారీ మీద నుంచి పొయ్యిని అంచుకి నెట్టారు. దాని ముందుకాళ్ళు పలకల మీదికి రాగానే మరిది ఒక్క దూకు దూకి, కింద, సరిగ్గా దాని దారిలో నిలబడ్డాడు. రొమ్ముతో ఆపుతాడట.

అప్పుడు మొదలైంది. నెమ్మదిరా చిన్నోడా అని అత్తగారు. ఆగండి, ఆగండి అని తోడికోడలు. పక్కకి రా బాబూ అని డ్రైవరు. ఎడమకి, కాదు కుడికి అని మరిది. ఎవరి కుడి అని భర్త. ఆ ఇంట్లో నెమ్మది, ఆగు, చూసుకో అనే మాటలు పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. పాలు పొంగినా అదే, తలుపు చప్పుడైనా అదే. రోజూ వినేవాటిని పట్టించుకోవడం చెవి ఎప్పుడో మానేసింది. అందరూ ఆగమంటున్నారు, ఎవరూ ఆగడం లేదు.

పెద్దకోడలు పలకల పక్కన నిలబడి ఉంది. కుడి పలక ఒక మూల మెల్లగా పక్కకి జరగడం ఆమెకి కనిపించింది. గుడ్డ మీద గీత తప్పితే కనిపించినట్టే కనిపించింది. పొయ్యి ఆ వైపుకి ఒరిగి, మూరెడు జారింది. మోకు భర్త చేతిలోంచి వదులవుతోంది. కింద పెళ్ళి బూట్లు మెరుస్తున్నాయి. "ఆగండి" అంది ఆమె. ఆ మాట మిగతా ఆగండిల్లో కలిసిపోయింది.

తరువాత నోట్లోంచి వచ్చింది ఆమె అనుకుని అన్నది కాదు.

"నా కత్తెర!"

పెరడంతా బిగుసుకుపోయింది. భర్త పిడికిలి మోకు మీద బిగిసింది. అత్తగారి నోరు తెరిచినట్టే ఉండిపోయింది. తోడికోడలు చెయ్యి డబ్బా మీద ఆగింది. మరిది మూడడుగులు వెనక్కి గెంతి రెండు చేతులూ పైకెత్తాడు.

"నేను తియ్యలేదు వదినా" అన్నాడు.

ఆ ఖాళీలో డ్రైవరు వంగి పొయ్యి కాలికింద కొయ్యముక్క దోపాడు. పొయ్యి పలకల మీద ఒరిగినట్టే ఒరిగి నిలబడింది. అది అలాగే జారి ఉంటే ఎక్కడికొచ్చి ఆగేదో అందరూ ఒకేసారి చూశారు. అక్కడ ఇప్పుడు బూట్ల ముద్రలు మాత్రమే ఉన్నాయి. మరిది చేతులు ఇంకా దించలేదు. తోడికోడలు వెళ్ళి ఒకటి దించింది, రెండోది అతనే దించుకున్నాడు.

కత్తెర కథ ఏమిటని డ్రైవరు అడిగాడు. అత్తగారు చెప్పారు, గులాబీ కొమ్మ సంగతి తప్పించి మిగతావన్నీ. అతను లారీ అంచున కూర్చుని చాలాసేపు నవ్వాడు. నవ్వి, తువ్వాలుతో మొహం తుడుచుకుని, పెద్దకోడలి వైపు తిరిగాడు.

"అమ్మా, ఇక్కడ నలుగురు మేస్త్రీలున్నారు, కూలీని నేనొక్కడినే. బరువు దించేటప్పుడు ఒక్కళ్ళే చెప్పాలి. ఆ చెప్పేది మీరు. మీరు కత్తెర అంటే ఆగాలి. ఇంకెవరు ఏం అన్నా గాలికి పోనివ్వండి. ఒప్పుకుంటేనే ఈ కొయ్యముక్క తీస్తాను."

ఎవరికి వాళ్ళు తామైతే బాగుంటుందని ఒక్కొక్క కారణం తీశారు. అత్తగారే తేల్చారు. "నోరు మూసుకోండిరా. దాని గొంతయితేనే మీ కాళ్ళు ఆగేది. నా గొంతు మీకు గోడ గడియారం." గోడ గడియారం అనగానే గడియారాలాయన ఏదో అనబోయి, మోకు గుర్తొచ్చి ఊరుకున్నాడు.

ఈసారి పద్ధతిగా జరిగింది. మోకు లాగి పొయ్యిని ముందు లారీ మీదికే వెనక్కి తెచ్చారు. రెండు తలుపులూ మేకులమీంచి ఎత్తి తీశారు. బూడిద అర లాగారు. లోపలి ఇటుకలు ఒక్కొక్కటీ తీసి, ఏది ఎక్కడిదో తెలిసేలా పెద్దకోడలు తన సుద్దబిళ్ళతో వాటిమీద గుర్తులు పెట్టింది. చొక్కా ముక్కలకి పెట్టే గుర్తులే. గొట్టం ఊడదీసి గోడకి చేర్చారు. పలకలు కదలకుండా లారీ కొక్కేలకి కట్టారు, మధ్యలో వంగకుండా కింద దుంగ పెట్టారు. అందరి చేతులకీ మందపాటి తొడుగులు. మరిదిని పలకల ముందు కాక పక్కన నిలబెట్టింది ఆమె. అతను బుద్ధిగా నిలబడ్డాడు. జారితే జారనివ్వాలి, ఇనుముకి దెబ్బ తగిలితే అతికించుకోవచ్చు అని డ్రైవరు అంటే, తోడికోడలు మొగుడి వైపు చూసి, విన్నావా అంది.

"వదలండి" అంది పెద్దకోడలు.

భర్త మోకు వదలడం మొదలుపెట్టాడు. ఇప్పుడాయన ఎవరివైపూ చూడడం లేదు. కంటికి అద్దం తగిలించుకుని చేతి గడియారం ముల్లు జరిపేటప్పుడు ఎలా ఉంటాడో అలా ఉన్నాడు. వేళ్ళు తెరుచుకుంటున్నాయో లేదో కూడా తెలియదు, మోకు మాత్రం స్తంభం చుట్టూ చీమంత మేర జరుగుతోంది. ఎదురుగా అంత పెద్ద పొయ్యి, మోకు చివర ఆ సన్నటి వేళ్ళు. ఈ మనిషి చేతుల్ని ఆమె ఎప్పుడూ చిన్న వస్తువుల మీదే చూసింది. పెద్దదాన్ని కూడా ఆయన చిన్నగానే దించుతున్నాడు. ఆమెకి ముచ్చటేసింది.

"కత్తెర."

అందరూ ఆగారు. పలక కట్టు చూసుకుని, మళ్ళీ వదలండి అంది. మళ్ళీ కత్తెర. మెల్లగానే అంది, అరవలేదు. అరవకపోయినా ఆగుతున్నారు. ఆ సంగతి గమనించి ఆమె ఇంకొంచెం మెల్లగా అని చూసింది. అప్పుడూ ఆగారు. అత్తగారు అరుగు మీద నుంచి కొడుకుల్ని చూసి, ఇన్నేళ్ళూ నేనెందుకు గొంతు చించుకున్నానో అని గొణుక్కున్నారు.

పొయ్యి నేల తాకినప్పుడు చప్పుడే లేదు. మట్టి మీద పలకలు పరిచి, వాటి మీద డ్రైవరు తెచ్చిన ఇనప గొట్టాలు అడ్డంగా వేసి, వాటిమీదికి ఎక్కించారు. నెట్టగానే పొయ్యి పెళ్ళికొడుకులా నడిచింది. వెనక పడిన గొట్టాన్ని తీసి ముందు పెట్టడం, వెనక పడిన పలకని తీసి ముందు పరచడం. మరిది ఆ పనికి కుదురుకున్నాడు. మేడ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

పెరటి మధ్యకి వచ్చేసరికి దారి రెండుగా చీలుతుంది. ఎడమకి వసారా. కుడికి చప్టా. భర్త తను అనుకున్న చోటికే అన్నట్టు ఎడమవైపు పలక పరవడానికి వంగాడు.

"కత్తెర" అంది ఆమె.

ఆగారు. ఆగి, తరువాతి మాట కోసం చూశారు. ఆ మాట రాలేదు. గొట్టం చేత్తో పట్టుకుని మరిది నిలబడ్డాడు. డ్రైవరు పొయ్యికి కొయ్యముక్క ఆనించి నడుం నిటారు చేసుకున్నాడు. అత్తగారు ఏదో అనబోయి, తనదే తీర్పని గుర్తొచ్చి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం ఆమె వినలేదు. దీపాలు పెట్టే వేళకి ఇంకా పొద్దుంది గానీ, ఈ నిశ్శబ్దం మళ్ళీ దొరకదు.

భర్త దగ్గరికి వెళ్ళింది.

"వసారాలో దూలం అందుతుందండి. అక్కడ పెడితే అది ఆదివారం పొయ్యి. చప్టా మీద పెడితే రోజూ పొయ్యి. నాకు రోజూ పొయ్యి కావాలి."

ఆయన చూద్దాం అనబోయాడు. పెదవులు ఆ ఆకారంలోకి వచ్చాయి కూడా. అప్పుడు నిజంగానే చూశాడు. వసారా దూలం వైపు, చప్టా వైపు, చివరికి ఆమె వైపు. ఆమె మెడలో టేపు. రెండురోజులుగా ఆమె దాంతో పెరడంతా తిరుగుతుంటే ఏం కొలుస్తోందో తను ఒక్కసారీ అడగలేదని అప్పుడు తట్టినట్టుంది.

"రోజూనా?" అన్నాడు.

"రోజూ."

ఎందుకని అడగలేదు. పాడైన గడియారం తెచ్చినవాళ్ళని ఎలా పాడైందని ఆయన ఎప్పుడూ అడగడు. మూత తెరిస్తే తెలుస్తుందంటాడు. చేతి తొడుగులు తీసి, చప్టా దగ్గరికి వెళ్ళి, టార్పాలిన్ ఒక మూల పట్టి లాగాడు. దాని మీద చేరిన ఎండుటాకులు జలజలమని రాలాయి. స్కూటరు తుప్పుపట్టి, టైర్లు చప్పబడి, అయినా పక్కబండితో సహా నిలబడే ఉంది. సీటు మీది దుమ్ము అరచేత్తో తుడిచాడు.

"దీన్ని ఎక్కడ పెడదామంటావు?" అని అడిగాడు.

అది కూడా ఆమె కొలిచే ఉంచింది. వసారాలో, ఆయన పొయ్యికి అనుకున్న చోటులోనే. రేకుల కింద వాన తగలదు. దుకాణం నుంచి వచ్చాక లైటు వేసుకుని కూర్చుని బాగుచేసుకోవచ్చు కూడా. ఆయన ఆలోచించాడు. పొయ్యి తడవకూడదని ఇంత పోట్లాడిన మనిషికి, ఇన్నేళ్ళూ తడుస్తున్నది స్కూటరని తట్టినందుకు కొంచెం సిగ్గేసినట్టుంది.

"ఈ ముక్క పొద్దున్నే అని ఉంటే నా గొంతు మిగిలేది కదమ్మాయ్" అన్నారు అత్తగారు.

"నిన్న రాత్రే అన్నాను అత్తయ్యా."

అత్తగారు కొడుకుల వైపు చూశారు. కొడుకులు పొయ్యి వైపు చూశారు. పొయ్యిని దించినవాళ్ళకి స్కూటరు ఒక లెక్కా? మరిది, భర్త, డ్రైవరు కలిసి దాన్ని వసారాలోకి దొర్లించారు. కిటికీలోంచి పొగ బదులు స్కూటరు కనిపిస్తే ఫరవాలేదా అని తోడికోడలు అడిగితే, పొగ రాని బండి ఈ లోకంలో అదొక్కటే, పక్కన ఉండనీ అన్నారు అత్తగారు.

తరువాత పొయ్యి చప్టా ఎక్కింది. నాలుగు కాళ్ళలో ఒకటి రాళ్ళ మధ్య సందులో పడి కాస్త ఊగింది. భర్త పలచటి రాతిపెళ్ళ ఒకటి వెతికి, అరగదీసి, దానికింద దోపాడు. పైన నీళ్ళ గ్లాసు పెట్టి చూశారు. నీళ్ళు అంచుకి సమానంగా నిలబడ్డాయి. సుద్దగుర్తుల ప్రకారం ఇటుకలు లోపలికి వెళ్ళాయి, తలుపులు మేకులమీద కూర్చున్నాయి, గొట్టం నిలబడింది. బట్టలారేసే తీగ పొయ్యి మీదుగా పోతోందని తోడికోడలు కనిపెట్టింది. దాన్ని విప్పి గోడకి మార్చారు. కట్టెలు పొయ్యి పక్కన కాకుండా దూరంగా పేర్చారు. నీళ్ళ బకెట్టు ఒకటి, ఇసక బకెట్టు ఒకటి తెచ్చి పెట్టారు.

డ్రైవరు టీ తాగి, వెళ్తూ వెళ్తూ, ఇంత బరువు దించాను గానీ కత్తెరతో ఎప్పుడూ దించలేదన్నాడు.

సాయంత్రం ఎండ గోడ దిగుతుండగా పొయ్యి మొదటిసారి వెలిగించారు. పెద్ద మంట కాదు. చాలారోజులు చల్లబడి ఉన్న ఇనుము, ఇటుకలు ఒక్కసారిగా వేడెక్కితే పగుళ్ళిస్తాయని బేకరీ పెద్దాయన చెప్పాడు. నాలుగు పుల్లలు, రెండు చెక్కముక్కలు. పొగ గొట్టంలోంచి తిన్నగా పైకి లేచి, ఎవరి కిటికీ వైపూ చూడకుండా ఆకాశంలోకి పోయింది. మధ్యాహ్నం ఎవరూ చూడకుండా పిసికి మూతపెట్టిన పిండిని ఆమె చిన్న చిన్న ఉండలు చేసి పై అరలో పెట్టింది.

అందరూ చప్టా చుట్టూ పీటలు, కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ఒళ్ళు నొప్పులున్నాయి గానీ ఆ నొప్పులు బాగానే ఉన్నాయి. మరిది ఒక బూటు విప్పి మడమ మీద పొక్కు చూసుకుంటున్నాడు. పొద్దున్నుంచి మూత తీసి ఉన్న డబ్బాకి చివరికి పని దొరికిందని తోడికోడలు సంతోషంగా దూది తీసింది. భర్త మాటిమాటికీ వసారా వైపు చూస్తున్నాడు. స్కూటరు అడుగున ఏదో తీగ తెగిందని, రేపు చూస్తానని అన్నాడు. నిజంగా చూసేలాగే ఉన్నాడు. రొట్టెల వాసన మొదట సన్నగా వచ్చింది, తరువాత పెరడంతా నిండింది. పక్కింటావిడ గోడ మీద నుంచి తొంగి చూసి, ఏమిటి వదినా అని అత్తగారిని అడిగింది. అత్తగారు ఆ ప్రశ్న కోసమే కూర్చున్నట్టు మొదలుపెట్టారు.

వేడి రొట్టెలు చేతులు మారుతూ తునిగాయి. మొదటివి కాబట్టి అడుగు కొంచెం నల్లబడింది. నల్లబడ్డదే రుచిగా ఉందని మరిది మూడోది తీసుకున్నాడు. మళ్ళీ నలుగురూ ఒకేసారి మాట్లాడుతున్నారు. పొయ్యిని లారీ మీంచి దించింది ఎవరి బలమని ఒకరు, ఎవరి మోకని ఒకరు. దారిలో రొమ్ము విరుచుకుని నిలబడింది ఎవరని తోడికోడలు. వీధి మలుపులో టీ కొట్టావిడ దీపం ఇంకా పెట్టలేదు. పెడితే ఇక్కడికి కనిపిస్తుంది.

పెద్దకోడలు చేతులకంటిన పిండి దులుపుకుంది. నోరు తెరిచింది. ఆమె మాట ఎవరికీ వినపడలేదు.

"కత్తెర" అంది.

తునక నోటి దగ్గర పెట్టుకున్నవాళ్ళు అలాగే ఆగిపోయారు. మరిది అలవాటుగా ఒక చెయ్యి పైకెత్తాడు. గోడమీది పక్కింటావిడ కూడా ఎందుకో తెలియకుండానే మాట ఆపేసింది. పొయ్యి లోపల చెక్కముక్క ఒకటి చిటపటలాడింది.

"సోమవారం నుంచి రోజూ పొద్దున్నే టీ కొట్టావిడకి రొట్టెలు ఇస్తున్నాను" అంది ఆమె, ఎప్పటి గొంతుతోనే. "ఇప్పుడే వెళ్ళి ఆవిడకి చెప్పి వస్తాను. ఒప్పుకున్న బట్టలు కుట్టిచ్చేస్తాను, కొత్తవి తీసుకోను. మిషను గోడవైపుకి జరిపి, ముందుగదిలో పిండిబల్ల వేసుకుంటాను. కత్తెర మాత్రం దాని మేకునే ఉంటుంది. ఎవరూ ముట్టుకోవద్దు."